సంశయ లాభం మీద వదిలారంటే మా తమ్ముడు తప్పు చేసినట్టా, చెయ్యనట్టా?

గుణుపురం_అక్క:

అందరికీ నమస్కారం. మాది గుణుపురం పక్క ఊరు. బజార్లో చిన్న కుట్టు మిషను షాపు నడుపుతాను. చదివింది ఒరియా మీడియం, తెలుగు రాయడం అమ్మ నేర్పింది. తప్పులుంటే సర్దుకుపోండి.

2019 కనుమనాడు పొలంగట్టు దగ్గర గొడవయింది. గట్టు ఎవరు చెక్కారన్న దగ్గర మా పెదనాన్న కొడుక్కీ పక్క పొలం ఆయనకీ మాటా మాటా పెరిగింది. అన్నయ్య చేతిలో కొడవలి ఉంది. ఆయన ఎడమ భుజం తెగింది, ఏడు కుట్లు పడ్డాయి. ఇంతవరకూ ఎవరూ కాదనరు. తగవల్లా మా తమ్ముడి గురించే. వాడు వెనకనుంచి ఆయన చేతులు పట్టుకుంటే అన్నయ్య నరికాడని పోలీసు కాగితాల్లో ఉంది. వాడేమో ఆ టైముకి కళ్ళంలో ఉన్నానంటాడు. 307 (హత్యాయత్నం), 324 (ఆయుధంతో గాయపరచడం) సెక్షన్లు పెట్టి, వాటికి 34 (ఉమ్మడి ఉద్దేశం) తగిలించారు. అన్నయ్య ఏ1, అంటే ఒకటో ముద్దాయి, తమ్ముడు ఏ2.

ఆరేళ్ళు వాయిదాలకి తిరిగాం. తిరిగిన ఖర్చు రాయను, రాస్తే మళ్ళీ ఏడుపొస్తుంది. పోయిన నెల తీర్పొచ్చింది, 31 పేజీలు, అంతా ఇంగ్లీషు. వకీలు గారు ఆఖరి పేజీ చదివి చెప్పారు. అన్నయ్యకి 307 కింద కాకుండా 324 కింద ఏడాది శిక్ష, 5,000 జరిమానా. తమ్ముణ్ణి ‘సంశయ లాభం’ (బెనిఫిట్ ఆఫ్ డౌట్) ఇచ్చి విడుదల చేశారు.

ఇప్పుడు ఊళ్ళో ఒకటే మాట. సంశయ లాభం అంటే చేశాడు గానీ దొరకలేదని అర్థమట. మా పెద్దత్త అయితే మొహమ్మీదే అంది. అదలా ఉంచితే, వాడు ఒక గవర్నమెంటు ఉద్యోగానికి రాత పరీక్ష పాసయ్యాడు. వెరిఫికేషను ఫారంలో మీ మీద ఎప్పుడైనా క్రిమినల్ కేసు నడిచిందా అని ఒక గడి ఉంది. కంప్యూటర్ సెంటర్ కుర్రాడు ‘కొట్టేశారు కదా, లేదు అని కొట్టెయ్యండి’ అంటున్నాడు.

ఇంకోటి. శిక్ష పడ్డ అన్నయ్య ఆ సాయంత్రమే ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. విడుదలైన మా తమ్ముడి చేత మాత్రం తీర్పుకి ముందే జామీనుదారులతో బాండు రాయించుకున్నారు. ఇదేం లెక్కో నాకర్థం కాలేదు. అన్నయ్య డబ్బులిచ్చి బయటికొచ్చాడని అవతలివాళ్ళు అంటున్నారు. పైకోర్టుకి వెళ్తామని కూడా అంటున్నారు. మళ్ళీ మొదటికొస్తుందా?

వకీలు గారిని అడిగితే ‘మీవాడు బయటపడ్డాడు కదమ్మా, ఇంకేం కావాలి’ అన్నారు. ఇంకా కావాలనే ఇక్కడ అడుగుతున్నాను.

పర్లాకిమిడి_కుర్రాడు:

అక్కా, ఫారంలో లేదనే రాసెయ్యండి. మా ఫ్రెండు అలాగే రాశాడు, ఏం కాలేదు.

బరంపురం_పేష్కారు:

బాబూ, మీ ఫ్రెండుకి ‘ఇంకా’ ఏం కాలేదు. అమ్మా, ఆ పని మాత్రం చెయ్యకండి. ఎందుకో చెప్తాను గానీ ముందు ఒక సాయం చెయ్యాలి మీరు.

నేను వకీల్ని కాదు. 33 ఏళ్ళు కోర్టుల్లో పనిచేసి పేష్కారుగా, అంటే జడ్జిగారి దగ్గర కేసు కాగితాలు చూసే గుమస్తాగా, రిటైరయ్యాను. గంజాం జిల్లా కొంత, గజపతి కొంత. తీర్పు చేతికి రాగానే జనం ఆఖరి పేజీ తిప్పి, శిక్షా విడుదలా చూసుకుని, మిగతాది పెట్టెలో పడేస్తారు. తీర్పులో పనికొచ్చేది ఆ ఆఖరి పేజీకి ముందుంటుంది. మీ 31 పేజీల్ని నేను చెప్పిన వరసలో చూడండి. సంతకం తర్వాత సాక్షుల జాబితా ఉంటుంది, పీడబ్ల్యూ 1, పీడబ్ల్యూ 2 అని, పీడబ్ల్యూ అంటే ప్రాసిక్యూషన్ సాక్షి. ఎవరు ఎవరో ఆ పక్కన పెన్సిల్‌తో రాసుకోండి. తర్వాత మొదట్లోకి వచ్చి, జడ్జిగారు తేల్చాల్సిన ప్రశ్నలు ఏమని వేసుకున్నారో చూడండి. ప్రశ్న, దానికి జవాబు, ఆ జవాబుకి కారణం, ఈ మూడూ రాయాలని చట్టమే చెప్పింది. పాత సీఆర్‌పీసీలో (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో) అది 354వ సెక్షను. ఆ తర్వాత ఏ2 అన్న మాట ఎక్కడెక్కడ వస్తే ఆ పేరాలు ఇక్కడ పెట్టండి. పేర్లు, ఊరు, కేసు నంబరు తీసేసి పెట్టండి.

గుణుపురం_అక్క:

ప్లస్ టూ చదివే మేనకోడలు చదువుతుంటే నేను తెలుగులో రాసుకున్నాను, రెండు రాత్రులు పట్టింది. సాక్షుల్లో పీడబ్ల్యూ 1 దెబ్బ తిన్నాయన తమ్ముడు, ఫిర్యాదిచ్చింది ఆయనే. పీడబ్ల్యూ 2 దెబ్బ తిన్నాయన. 3, 4 పక్క పొలాల వాళ్ళు. 5, 6 మా వీధివాళ్ళే, వాళ్ళు కోర్టులో మాకేమీ తెలియదన్నారు. 7 డాక్టరు. 8 దర్యాప్తు చేసిన ఎస్సై.

14వ పేరా: ఎఫ్ఐఆర్‌లో ఏ2 పేరు లేదు. 11 రోజుల తర్వాత పోలీసులు రాసుకున్న వాంగ్మూలంలో మొదటిసారి వచ్చింది. అంత ఆలస్యం ఎందుకయిందో ప్రాసిక్యూషన్ చెప్పలేదు.

15: దెబ్బ తిన్నాయన క్రాసులో (మా వకీలు అడిగిన ప్రశ్నలకి), నన్ను వెనకనుంచి ఎవరో పట్టుకున్నారు, మొహం చూడలేదు అన్నాడు.

16: పీడబ్ల్యూ 4 చీఫ్‌లో (ముందు ప్రాసిక్యూషన్ అడిగినప్పుడు) ఏ2 చేతులు పట్టుకున్నాడని చెప్పాడు. క్రాసులో, నేను వెళ్ళేసరికి గొడవ అయిపోయింది, జనం అనుకుంటుంటే విన్నాను అన్నాడు.

19: అన్నయ్య గురించి. ఒకే దెబ్బ, భుజమ్మీద, ఎముక విరగలేదు, గాయం సింపుల్ అని డాక్టరు రాశాడు. మళ్ళీ కొట్టే వీలున్నా కొట్టలేదు. చంపాలన్న ఉద్దేశం రుజువు కాలేదు.

22: కాబట్టి ఏ2 సంశయ లాభానికి అర్హుడు.

పీడబ్ల్యూ 4 మా దూరపు చుట్టమే. అడిగితే ‘నేను మొదట్నించీ పట్టుకున్నాడట అనే చెప్పాను తల్లీ’ అంటున్నాడు.

బరంపురం_పేష్కారు:

అదిగో, ఆ ‘అట’. కేసు సగం అందులోనే ఉంది, చూశారా.

మన బోనుల్లో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. సాక్షి తెలుగులో చెప్తాడు, పక్కన ఎవరో ఒరియాలోకి తిప్పుతారు, కాగితమ్మీద ఇంగ్లీషులోనో ఒరియాలోనో పడుతుంది. ‘పట్టుకున్నాడట’ కాస్తా ‘పట్టుకున్నాడు’ అయిపోతుంది. మీకు ఒరియా వచ్చు కనక చెప్తున్నాను, ‘కుఆడే’ అంటారే, ఆ మాట జారిపోయినట్టన్నమాట. కళ్ళారా చూసినవాడూ చెవులారా విన్నవాడూ ఒకటైపోతారు. చట్టానికి మాత్రం ఆ రెండు అక్షరాలే ప్రాణం. చూసిన సంగతి చూసినవాడే వచ్చి చెప్పాలి, ఎవరో అనుకుంటే విన్నానంటే సాక్ష్యం కాదు. పాత ఎవిడెన్స్ చట్టంలో 60వ సెక్షను అది, ఇప్పటి సాక్ష్య అధినియమంలో 55. మీ వకీలు క్రాసులో ఒక్క ప్రశ్నతో ఆ ‘అట’ని కాగితమ్మీదికి ఎక్కించాడు. ఆఖరి పేజీ తప్ప చెప్పలేదని మీరు విసుక్కున్నా, పని తెలిసినవాడే ఆయన.

ఇప్పుడు మీ తమ్ముడి మీద ఏం మిగిలిందో లెక్కేసుకోండి. ఎఫ్ఐఆర్‌లో పేరు లేదు. దెబ్బ తిన్న మనిషి మొహం చూడలేదు. చూశానన్నవాడు విన్నవాడని తేలింది. ఇంకొకటి ఉంది కదా, పోలీసుల దగ్గర రాసిన వాంగ్మూలం అంటారేమో. దానిమీద సాక్షి సంతకం కూడా ఉండదు. సాక్షి కోర్టులో మాట మారిస్తే ‘అప్పుడలా చెప్పావు కదా’ అని నిలదీయడానికే తప్ప, అదే రుజువుగా పనికిరాదు. జనానికి ఇది ఎంత చెప్పినా ఎక్కదు. పోలీసులు రాసుకున్నారు కదా, ఇంకేం కావాలి అంటారు.

ఈ సూత్రం మీద దేశమంతా చదివే తీర్పు ఒకటి మా బరంపురం కేసులోంచే వచ్చింది. వద్దన్నా చెప్తాను, మా ఊరి గొప్ప. 1937 మార్చి 23న పూరీ స్టేషన్లో మూడో తరగతి పెట్టెలో ఎవరూ దిగి తీసుకోని ఇనప ట్రంకు ఒకటి దొరికింది. తెరిస్తే ఏడు ముక్కలు చేసిన శవం. చనిపోయినాయన పిఠాపురం దివాను దగ్గర బంట్రోతుగా చేసినవాడు. దివాను కూతురూ అల్లుడూ బరంపురంలో కాపురముండేవారు, ఈయన దగ్గర 3,000 రూపాయలు నూటికి 18 వడ్డీకి అప్పు తీసుకున్నారు. బాకీ ఇస్తాం రమ్మని ఉత్తరం వస్తే, బరంపురం వెళ్తున్నానని భార్యతో చెప్పి రైలెక్కాడు. ఆ అల్లుడే ముద్దాయి, ఆయన పేరు మీదే పాకాల నారాయణస్వామి కేసంటారు. ఒరిస్సా రాష్ట్రం పుట్టి అప్పటికి ఏడాది కూడా నిండలేదు, కటకంలో హైకోర్టు లేదు. బరంపురం నుంచి పట్నా హైకోర్టుకీ, అక్కణ్ణించి అప్పటి ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్ ప్రివీ కౌన్సిలుకీ వెళ్ళింది. 1939 జనవరిలో లార్డ్ అట్కిన్ తీర్పు చెప్పాడు. ముద్దాయి దర్యాప్తులో పోలీసులకి చెప్పిన మాటల్ని పక్కన పెట్టెయ్యాలన్నాడు. చనిపోయినాయన తన భార్యతో ‘బరంపురం వెళ్తున్నా’ అన్న మాట మాత్రం చావుకి దారితీసిన పరిస్థితుల్లో భాగం, మరణ వాంగ్మూలంగా చెల్లుతుందన్నాడు. మరణ వాంగ్మూలమంటే కొన ఊపిరితో చెప్పిందే అనుకుంటారు అందరూ. అలా కానక్కర్లేదని అప్పుడు తేలింది. పోలీసులకి చెప్పింది తీసేసినా మిగతా సాక్ష్యం సరిపోయి అప్పీలు కొట్టేశారు. కాగితం తీసేస్తే కేసు నిలబడుతుందా, పడిపోతుందా, జడ్జి చూసేది అది. ఆ కేసు నిలబడింది. మీ తమ్ముడి మీద కేసు పడిపోయింది.

సరే, అసలు సంగతికొస్తాను. క్రిమినల్ కోర్టు ‘ఇతను చేశాడా’ అని అడగదు. ‘చేశాడని ప్రాసిక్యూషన్ సందేహం లేకుండా నిరూపించిందా’ అని అడుగుతుంది. రెండో ప్రశ్నకి లేదు అన్న జవాబొస్తే విడుదలే. నేను చెయ్యలేదని నిరూపించుకునే బరువు మీవాడిమీద ఎప్పుడూ లేదు. కళ్ళంలో ఉన్నానన్న మాట రుజువైందా లేదా అని తీర్పులో వెతకకండి, అక్కడిదాకా వెళ్ళే అవసరమే పడలేదు. చేశాడు గానీ దొరకలేదు అనేది మీ పెద్దత్తగారి తీర్పు. కోర్టు ఆ మాట ఎక్కడా రాయలేదు.

అయితే ఉద్యోగం దగ్గర తేడా వస్తుంది, దాయను. గౌరవప్రదమైన విడుదల అని ఒక మాట తిరుగుతుంది. అది సీఆర్‌పీసీలోనూ లేదు, శిక్షాస్మృతిలోనూ లేదు, కోర్టులు అలవాటుగా వాడుతున్న మాట. తమిళనాడు పోలీసు ఉద్యోగి సముత్తిరం కేసులో 2012లో సుప్రీంకోర్టే ఈ సంగతి చెప్పింది. సాక్ష్యమంతా పూర్తిగా పరిశీలించి, ప్రాసిక్యూషన్ బొత్తిగా నిరూపించలేకపోయిందని తేలిస్తే గౌరవప్రదమనవచ్చు అంది. సాక్షులు అడ్డం తిరగడంతో కేసు పోయిందనుకోండి, ఉద్యోగమిచ్చేవాళ్ళు వేరేగా ఆలోచించుకోవచ్చు. అందుకే నేను పేరాలు అడిగాను. మీ 5, 6 సాక్షులు అడ్డం తిరిగారు నిజమే. కానీ జడ్జిగారు వాళ్ళని పట్టుకుని మీవాణ్ణి వదల్లేదు. 14, 15, 16 పేరాల్లో ఎఫ్ఐఆర్‌నీ, దెబ్బ తిన్న మనిషినీ, చూశానన్నవాణ్ణీ ఒక్కొక్కరినే తూచి వదిలారు. 22లో ఉన్న మాట ఒకటే అయినా దాని వెనక ఈ మూడు పేరాలున్నాయి. వెరిఫికేషన్ ఆఫీసరు దగ్గరికి ఆఖరి పేజీ జిరాక్సు ఒక్కటీ పట్టుకెళ్తే నష్టపోతారు.

ఫారంలో ‘అవును’ అనే రాయండి, పక్కన ఫలానా తేదీన విడుదల అని రాసి నకలు జతచెయ్యండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి ఇదే తేల్చింది. కేసు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి, దాచితే దాచినందుకే ఉద్యోగం పోవచ్చు. చెప్పాక కూడా ఇచ్చి తీరాలని లేదు, కేసు ఎలాంటిదో చూసి వాళ్ళు నిర్ణయించుకోవచ్చు. 307 పెద్ద సెక్షను, ప్రశ్నలు అడుగుతారు. ఆ మూడు పేరాలు మీవాడికి నోటికి రావాలి.

అన్నయ్య ఇంటికెలా వచ్చాడంటే డబ్బులిచ్చి కాదు. అప్పటిదాకా బెయిలు మీద ఉన్నవాడికి మూడేళ్ళు దాటని శిక్ష పడితే, అప్పీలు వేసుకునే వ్యవధి ఇస్తూ శిక్ష వేసిన కోర్టే బెయిలివ్వాలి. పాత సీఆర్‌పీసీ 389(3). అప్పీలు వెయ్యకుండా ఊరుకుంటే లోపలికి వెళ్ళాల్సిందే, అది మరిచిపోతారు చాలామంది. తమ్ముడి చేత రాయించుకున్న బాండు అదే చట్టంలో 437ఎ కింద. రేపు పైకోర్టు నోటీసిస్తే వస్తానని హామీ, ఆరు నెలలుంటుంది. అందరి చేతా రాయిస్తారు, అనుమానించి కాదు.

307 ఎందుకు నిలవలేదో 19లోనే ఉంది. గాయం పెద్దదా చిన్నదా అన్నది కాదు అక్కడ. చిన్న గాయానికీ 307 పడుతుంది, అసలు గాయం కాకపోయినా పడుతుంది. చంపాలన్న ఉద్దేశం, లేదా ఈ దెబ్బకి చస్తాడన్న ఎరుక ఉండాలి. అది ఎవరి గుండెలో ఉందో ఎవరూ చూడలేరు కనక ఆయుధమేదో, ఎక్కడ కొట్టాడో, ఎన్నిసార్లు కొట్టాడో చూస్తారు. కొడవలే, కానీ ఒక్క దెబ్బ, భుజం మీద. పదునైన ఆయుధంతో గాయపరచడం 324, మూడేళ్ళ లోపు శిక్ష. పెద్ద నేరానికి ఛార్జి పెట్టి అందులో ఇమిడిన చిన్నది రుజువైతే దానికి శిక్ష వేయొచ్చు.

అవతలివాళ్ళు అప్పీలుకి వెళ్ళొచ్చు, కటకం హైకోర్టుకి. వెళ్తే మొదటికి రాదు. సాక్షుల్ని మళ్ళీ పిలవడం మామూలుగా ఉండదు, ఉన్న కాగితాల మీదే వింటారు. కింది కోర్టు ఒకసారి వదిలాక నిర్దోషి అన్న భావన రెట్టింపవుతుంది, రెండు రకాలుగా చూడ్డానికి వీలున్న సాక్ష్యమైతే పైకోర్టు సాధారణంగా వేలు పెట్టదు. 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే.

రాయగడ_శ్రీ:

పేష్కారు గారూ, అన్నీ ముద్దాయి వైపు నుంచే చెప్పారు. ఇటు వైపు కూడా ఒకసారి చూడండి. మా నాన్నని కొట్టినవాళ్ళు సంశయ లాభం మీదే బయటపడ్డారు. మెజిస్ట్రేటు కోర్టులో. ఉన్నది ఇద్దరు సాక్షులు, ఇద్దరూ మాట మార్చేశారు. ఆ మర్నాడు వాళ్ళు మా ఇంటి ముందునుంచి బాణాసంచా కాల్చుకుంటూ వెళ్ళారు. నాన్న కుడిచెయ్యి ఇప్పటికీ పైకి లేవదు. మీరు చెప్పే ‘నిరూపించిందా లేదా’ అన్న మాట ఆయనకి ఎలా చెప్పమంటారు? సంశయం వాళ్ళకి, నష్టం మాకా?

గుణుపురం అక్కా, మీ తమ్ముడి మీద నాకేం కోపం లేదు. కానీ ఆ భుజం తెగినాయన ఇంట్లో కూడా ఒక కూతురు ఇలాగే టైపు చేస్తూ ఉంటుందేమో.

బరంపురం_పేష్కారు:

అమ్మా, మీ నాన్నగారికి చెప్పడానికి నా దగ్గర మంచి మాట లేదు. బాణాసంచా కాల్చుకుంటూ వెళ్ళేవాళ్ళని నేనూ చూశాను కోర్టు గేటు బయట.

మీ కోపాన్ని సుప్రీంకోర్టు కూడా ఒకసారి రాసింది. 1973లో మహారాష్ట్ర కేసు, బోబడే కేసంటారు. ప్రతి చిన్న అనుమానాన్నీ పెద్దది చేసి దోషుల్ని వదిలేస్తూ పోతే న్యాయానికీ జనానికీ చేటేనని జస్టిస్ కృష్ణయ్యర్ మందలించారు. సందేహమంటే సహేతుకమైన సందేహం, ఊహించి తెచ్చిపెట్టుకున్నది కాదు. ఇంకోటి, సాక్షి అడ్డం తిరిగినంత మాత్రాన అతను చెప్పిందంతా చెత్తబుట్టలోకి పోదు. నమ్మదగ్గ ముక్క ఉంటే, దానికి వేరే ఊతం ఉంటే, తీసుకోవచ్చు. మీ తీర్పులో మెజిస్ట్రేటుగారు ఆ పని చేశారా, మాట మార్చారు కనక విడుదల అని నాలుగు వాక్యాల్లో తేల్చేశారా, డాక్టరు కాగితాన్నీ మీ నాన్నగారి సాక్ష్యాన్నీ ఏమన్నారో చూడండి. దెబ్బ తిన్న మనిషి స్వయంగా చెప్పిన సాక్ష్యానికి మామూలు సాక్షి మాటకంటే బరువెక్కువ.

అప్పీలు ఒకప్పుడు సర్కారే వెయ్యాలి. 2009 డిసెంబరు 31 నుంచి బాధితులకే సొంతంగా హక్కు వచ్చింది, పాత సీఆర్‌పీసీ 372వ సెక్షను కింద. విడుదల మీద వేయొచ్చు, చిన్న సెక్షను కింద శిక్ష వేసినా వేయొచ్చు, పరిహారం తక్కువైందన్నా వేయొచ్చు. ముందు అనుమతి అడగనక్కర్లేదని 2018లో మల్లికార్జున కోడగలి కేసులో తేలింది. మెజిస్ట్రేటు తీర్పు కనక మీది సెషన్స్ కోర్టుకే వెళ్తుంది, కటకం దాకా పోనక్కర్లేదు. ఆలస్యమైతే కారణం చెప్పుకుంటూ అర్జీ పెట్టాలి, రోజులు గడిచేకొద్దీ కష్టం. వకీలు ఖర్చు గురించి ఆగకండి. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయముంది, అప్పీలు మీ నాన్నగారి పేరున వేస్తే ఆయన ఆదాయమెంతో అడుగుతారు. జిల్లా న్యాయ సేవల ఆఫీసుకి వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. ఇంకో సంగతి, ముద్దాయిలు విడుదలైన కేసులో కూడా బాధితుడికి పరిహారం ఇమ్మని కోర్టు సిఫారసు చేసే వీలు పాత సీఆర్‌పీసీ 357ఎలో ఉంది. ఆ చెయ్యి లేవని సంగతి డాక్టరు సర్టిఫికెట్‌తో సహా అక్కడ చెప్పండి.

పాతపట్నం_ప్లీడరు:

పేష్కారు గారు చెప్పింది బాగుంది, ఒక్క చోట సవరణ. గుణుపురం అమ్మాయిగారి కేసులో అప్పీలు కటకమే అని తేల్చెయ్యకండి. తీర్పు మొదటి పేజీలో జడ్జిగారి హోదా చూడాలి. సెషన్స్ జడ్జి గానీ అదనపు సెషన్స్ జడ్జి గానీ అయితే హైకోర్టు. అసిస్టెంట్ సెషన్స్ జడ్జి అయి, శిక్ష ఏడేళ్ళు దాటకపోతే జిల్లా సెషన్స్ కోర్టుకే. 307 కేసులు ఆ కోర్టుల్లో కూడా నడిచాయి. అన్నయ్య అప్పీలుకీ అదే లెక్క, తప్పు కోర్టు గుమ్మం దగ్గర గడువు దాటించుకోకండి.

సెక్షన్ల నంబర్లు చూసి కంగారు పడేవాళ్ళకి ఇంకో మాట. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలొచ్చాయి, 307 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 109, 324 అక్కడ 118(1), ఉమ్మడి ఉద్దేశం అనే 34 అక్కడ 3(5). నేరం 2019ది కనక ఈ కేసుకి పాత నంబర్లే. 34 గురించి ఎవరూ చెప్పలేదు. చేతులు పట్టుకున్నాడని రుజువై ఉంటే, కొడవలి ముట్టకపోయినా, ఆ ఉద్దేశంలో పాలుందని తేలితే తమ్ముడికీ అన్నయ్య శిక్షే పడేది. ఆ ‘అట’ ఖరీదు ఏడాది జైలు.

బరంపురం_పేష్కారు:

ప్లీడరు గారి సవరణ ఒప్పుకుంటున్నాను. అలవాటు మీద కటకం అనేశాను.

గుణుపురం_అక్క:

మొదటి పేజీ చూశాం, అసిస్టెంట్ సెషన్స్ జడ్జి అనే ఉంది. అన్నయ్యకి చెప్తే ఆయన వకీలు గారి గుమస్తా కూడా ‘అవునవును, ఇక్కడే’ అన్నాడట. (అట అనే రాస్తున్నాను, నేను వినలేదు.)

రాయగడ శ్రీగారూ, మీ మాట చదివి జవాబు రాయలేక రెండు రోజులు ఊరుకున్నాను. ఆ ఇంట్లో కూతురు కాదు, కోడలుంది. మా షాపులోనే జాకెట్లు కుట్టించుకునేది, కేసయ్యాక రావడం మానేసింది. 5,000 జరిమానాలో ఎంత ఆయనకి ఇమ్మన్నారో తీర్పులో వెతికాం. 30వ పేజీలో 4,000 అని ఉంది. ఆరేళ్ళకి, ఏడు కుట్లకి.

తమ్ముడు ఫారంలో అవును అనే రాశాడు. చెయ్యి వణికి గడి బయటికి పోయింది, కొత్త ఫారం తెచ్చుకున్నాం. 14, 15, 16 పేరాలు మేనకోడలు వాడికి పాఠం చెప్తోంది. ఒక్కటే డౌటు మిగిలింది. ఇప్పుడు మా దగ్గరున్నది అన్నయ్యకి కోర్టులో ఇచ్చిన కాపీ. వెరిఫికేషనుకి అదే జిరాక్సు తీసి పెట్టొచ్చా, తమ్ముడి పేరున వేరే తీయించాలా?

బరంపురం_పేష్కారు:

వేరే తీయించండి. జైలు శిక్ష పడ్డవాడికి కాపీ ఆ రోజే ఉచితంగా ఇస్తారు, విడుదలైనవాడు నకలు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ-కోర్టుల సైటులో దొరికే ప్రింటు చదువుకోవడానికి పనికొస్తుంది, ఆఫీసులో చెల్లదు. కోర్టు ముద్ర ఉన్న నకలు రెండు తీయించండి, ఒకటి ఫారంతో పోతుంది, ఒకటి ఇంట్లో ఉంటుంది. పీడబ్ల్యూ 4 సాక్ష్యం నకలు కూడా అదే దరఖాస్తులో రాయండి. క్రాసు ఉన్న పేజీ తప్పకుండా వచ్చిందో లేదో అక్కడే కౌంటరు దగ్గర నిలబడి చూసుకోండి.